నా కూతురు తల వంచుకునే భాష

మాతృభాష అని ఉన్న గడిలో తమిళం అని రాసింది నేనే. పక్కన కూర్చున్న నా భర్త చూసి తల ఊపాడు. తప్పని ఆయనకెలా తోస్తుంది? బళ్లో చేరిన రోజు నుంచీ ఆయన కాగితాల్లోనూ అదే ఉంది. ధర్మపురి జిల్లాలో మాలాంటి తెలుగు ఇళ్లవాళ్లు చాలామంది ఆ గడిలో అదే రాస్తారు. తెలుగు అని రాస్తే గుమాస్తా తలెత్తి చూస్తాడు. ఎప్పుడొచ్చారు, ఆంధ్రావాళ్లా అని అడుగుతాడు. వచ్చి వందల ఏళ్లయిందయ్యా, నీ ముత్తాత పుట్టకముందే ఇక్కడున్నాం అని చెబుతూ నిలబడాలి. వెనక వరసలోవాళ్లు సణుగుతారు. ఆ తంటా పడలేక తమిళం అని రాసి బయటపడతాం. అది అబద్ధమని కూడా మాకు తోచదు.

నేను కుప్పం పక్కన పుట్టి తెలుగు బళ్లో చదివినదాన్ని. అత్తవారిది పాలక్కోడు దాటాక మహేంద్రమంగళం దగ్గరి పల్లె. ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. వాళ్లెవరూ చదవలేరన్న ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నానేమో.

మా పాపకి ఇప్పుడు ఇరవై మూడేళ్లు. పుట్టగానే ఏడవలేదు. ఏడ్చేసరికి ఆలస్యమైంది. ఆ కాస్త ఆలస్యమే ఈ ఇరవై మూడేళ్లూ నడుస్తోంది. నాలుగో ఏట నడిచింది, ఆరో ఏట మాట వచ్చింది. ఇప్పటికీ రెండు మూడు మాటలకు మించి ఒక్కసారి మాట్లాడదు. జడ నేనే వెయ్యాలి, గుండీలు నేనే పెట్టాలి. నెలసరి రోజుల్లో బట్ట సంగతి కూడా నేనే చూడాలి. ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ల వెంట నవ్వుకుంటూ వెళ్లిపోతుంది. ఆడపిల్లకి ఇంతకంటే భయంకరమైన గుణం ఇంకొకటి లేదు.

కాని పట్టుపురుగుల షెడ్డులోకి వచ్చిందంటే పాప వేరే మనిషి. మాకు ఎకరంన్నర మల్బరీ తోట ఉంది. పురుగులు పండి గూడు కట్టే వేళకి వాటి ఒళ్లు లేత పసుపు తిరిగి, వెలుతురు పట్టి చూస్తే లోపలంతా కనిపిస్తుంది. వేల పురుగుల్లో అలా పండినవాటిని ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టే తట్టల మీద వెయ్యాలి. తొందరపడితే గూడు పలచన, ఆలస్యమైతే పట్టంతా ఆకు మీదే కక్కేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న నా భర్త కన్ను తప్పుతుంది కాని పాప కన్ను తప్పదు. జబ్బు పురుగుని మాకంటే ఒక రోజు ముందే పక్కన పడేస్తుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు, ఒప్పుకుంటాను. కాని ఊళ్లోవాళ్లు కూడా పంట పండే రోజుల్లో "పాపని ఒక పూట పంపీ వదినా" అని అడిగి తీసుకువెళతారు.

ఇక మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మాలో తమిళాన్ని అరవం అనే అంటారు. ఇంట్లో అరవం వినిపించేది ఒక్క పనికే. పిల్లలు వినకూడని మాట చెప్పుకోవాల్సి వస్తే పెద్దవాళ్లు అరవంలోకి మారతారు. అప్పులు, చావులు, ఎవరి కోడలో లేచిపోయిన సంగతులు. మామూలు ఇళ్లలో పిల్లలు బడికి వెళ్లి అరవం నేర్చుకోగానే ఆ గుట్టు రట్టవుతుంది. మా ఇంట్లో కాలేదు. పాప ముందర పాప గురించి ఇరవై ఏళ్లు అరవంలోనే మాట్లాడుకున్నాం. డాక్టరు ఏమన్నాడు, ఫిట్స్ మళ్లీ వస్తాయా, ఫలానా వాళ్లు ఏమని నవ్వారు, అన్నీ. మేం అరవం మొదలుపెట్టగానే మా అత్త పాపతో, "నీకు గాదు పాపా, ఇది పెద్దోళ్ల మాట. తల వంచుకోని కూసో" అనేది. పాప చేతులు ఒడిలో పెట్టుకుని తల వంచుకునేది. "మంచి పాప" అని మెచ్చుకునేవాళ్లం. మెచ్చుకుంటే పాప ఏమైనా చేస్తుంది.

ఏడో ఏట పాలక్కోడులో ప్రత్యేక పిల్లల బడిలో చేర్చాం. రోజంతా తల వంచుకుని కూర్చునేది. టీచరమ్మ శాంతమైన పిల్ల అని మురిసిపోయింది. రెండేళ్లు చూసి, ఏమీ రాలేదని మేమే మాన్పించాం. ఆ శాంతం ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. పురుగు మొహం చూసి జబ్బు చెప్పే ఇంట్లో, పిల్ల మొహం చూసేవాళ్లు లేకపోయారు.

రెండేళ్ల కిందట షెడ్డులో ఆకు వేస్తూ నా భర్త గుండె పట్టుకుని కూలబడ్డాడు. బతికాడు. కాని ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి వేరు. అప్పటి నుంచి ఆయన పాపని చూసే చూపు మారిపోయింది. బావగారి కొడుకులు మంచివాళ్లే, భూమి చూసుకుంటారు. కాని ఏ కోడలు వచ్చి ఇరవై మూడేళ్ల పిల్లకి స్నానం చేయిస్తుంది? చెయ్యమని అడిగే ముఖం నాకెక్కడిది?

పాప లాంటి వాళ్లని ఉంచుకునే చోట్లు వెతికాం. ఒకటి పక్క జిల్లాలో ఉంది. ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. ఇనుప గేటు, దానికి లోపల ఇంకో గేటు. ఆడవాళ్లందరికీ ఒకే రకం నైటీ, అందరి తలలూ పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. పాప జడ నడుం దాకా ఉంటుంది. అక్కడున్న ఒకామె పాప జడని చేత్తో పట్టుకుని వదల్లేదు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కిటికీ పక్కన పాప వయసు పిల్ల ఒకతి కూర్చుని ఉంది. ఆ పిల్ల చీలమండకి చీరపేలిక కట్టి, రెండో కొస ఊచకి ముడివేశారు. అక్కడ పనిచేసే ఆయమ్మ నా చూపు కనిపెట్టి, పరిగెత్తి రోడ్డు మీదికి పోతుందమ్మా, నలభైమందికి ఇద్దరం, ఏం చెయ్యమంటావు అంది. ఆమె చెడ్డది కాదు. కళ్లకింద నలుపుతో అలసిపోయి ఉంది. చెడ్డదైతే బాగుండేది, తిట్టుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాప మా ఇద్దరి మధ్య కూర్చుంది. నా భర్త ఎప్పుడూ అనే మాటే అరవంలో అన్నాడు. "నమక్కప్పురం ఇవళ యారు పాప్పా?" మన తర్వాత దీన్ని ఎవరు చూస్తారు అని. నేను ఎప్పుడూ ఇచ్చే జవాబే ఇచ్చాను. ఆ జవాబు ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు, తర్వాత రాస్తాను. పాప తల వంచుకుని చున్నీ కొస మడతపెడుతూ ఉండిపోయింది.

బావగారి కూతురు మలేసియాలో నర్సు. సంగతి విని ఫోన్ చేసింది. "చిన్నమ్మా, ఈడ ఒక చోటు ఉండాది. మన పాప మాదిరి పెద్ద పిల్లోళ్లని మూడేండ్లు పెట్టుకోని పని నేర్పిస్తారు. వాళ్ల స్నానం, వాళ్ల బట్టలు వాళ్లే చేసుకునేట్టు చేసి పంపిస్తారు. బయటి దేశాలోళ్లని గూడా ఏడాదికి ఇద్దురు ముగ్గుర్ని తీసుకుంటారు" అంది. అక్కడివాళ్లు పుట్టగొడుగులు పెంచే వీడియో పంపింది. చీకటిగా తేమగా ఉండే షెడ్డులో వరసగా అరలు, వాటి మధ్య తమంతట తాము తిరుగుతున్న పిల్లలు. పాప దాన్ని ఇరవై సార్లు చూసి, "మన షెడ్డు" అంది. నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టాక మనిషికి ఆగడం తెలియదు.

వాళ్లు పంపిన ఫారం నింపుతూ ఆ గడిలో నేను తమిళం అని రాశాను. వారంలో జవాబు వచ్చింది. మా దగ్గర తమిళం టీచరు ఉంది, భాషకి ఇబ్బంది లేదు, పది రోజులు ఉంచి చూస్తాం, తీసుకురండి అని. ఆ ఉత్తరం బావగారి కూతురు ఫోన్‌లో చదివి చెబుతుంటే మేం మొక్కుకున్న దేవుళ్లందరికీ దండాలు పెట్టాం. మూర్ఖురాలిని, ఏం పాడైందో అప్పుడు కూడా తట్టలేదు.

మా అత్త మాత్రం ఒప్పుకోలేదు. "సముద్రం దాటించి వదిలిపెట్టి వస్తారా దాన్ని? కుక్కపిల్లనైనా ఏరు దాటించి వదల్రు గదే" అని మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు తనే లేచి రాగులు కడిగి ఎండబెట్టి, పిండి విసిరించి సంచిలో పోసి ఇచ్చింది. అక్కడ సంగటి దొరకదు కదా అని. ఖర్చు సంగతి నేను రాయను. అయింది, అంతే.

బెంగుళూరు వెళ్లి విమానం ఎక్కాం. పాప దారంతా చెవులు మూసుకుని నా ఒళ్లో తల పెట్టుకుంది. ఆ చోటు ఒక కొండ పాదాన ఉంది. గేటు ఉంది కాని పగలు తెరిచే ఉంచుతారు. పెద్ద డాక్టరు చైనా ఆమె, వయసు మళ్లింది, గుడ్డ బూట్లు వేసుకుని తోటంతా తిరుగుతుంది. తమిళం టీచరు నవ్వు ముఖం మనిషి. పాపని చూడగానే వచ్చి రెండు చేతులూ పట్టుకుని, "వామ్మా తంగం" అంది. రామ్మా బంగారం అని. పాప చేతులు వెనక్కి తీసుకుని తల వంచుకుంది.

తల్లిదండ్రులు లోపలికి రాకూడదని అక్కడ నియమం. ఉంటే పిల్లలు వాళ్ల వంకే చూస్తారట. మాకు వేరే గది ఇచ్చారు. పగలు అద్దం ఇవతల నిలబడి చూడొచ్చు. చూశాను. టీచరు పుట్టగొడుగుల బుట్ట ముందు పెట్టి, పెద్దవి ఇటు, చిన్నవి అటు అని అరవంలో మెల్లగా, ముద్దుగా, పదిసార్లు చెప్పింది. పాప కదల్లేదు. చేతులు ఒడిలో, తల కిందికి. స్నానానికి రమ్మంటే కదల్లేదు, అన్నానికి రమ్మంటే కదల్లేదు, చెయ్యి పట్టుకుని లేపితే లేచింది. టీచరు ప్రతిసారీ అట్టకి పెట్టిన కాగితం మీద ఏదో రాసుకుంది.

రెండో రోజే నాకు తెలిసిపోయింది. పాపకి అరవం రాదు, అందుకే ఇలా ఉంది అనుకున్నాను. నా భర్త ఆ మాటే పైకి అన్నాడు. "చెప్పేద్దాము. ఫారంలో తప్పు రాసినామని చెప్పేద్దాము" అన్నాడు. నేనే వద్దన్నాను. "అబద్ధం రాసినోళ్లని ఈ దేశంలో ఒక పూట గూడా ఉంచుకోరు. రెండు రోజులు ఓర్చుకో, అదే అలవాటు పడతాది" అన్నాను. నా నోటికి ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పడు. ఆ రెండు రోజులు ఆరు రోజులయ్యాయి. అద్దం ఇవతల నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడి, చెయ్యవే, ఒక్కటి చెయ్యవే అని పాపనే లోపల తిట్టుకున్నాను.

ఎనిమిదో రోజు బావగారి కూతురిని పక్కన పెట్టుకుని డాక్టరుతో చెప్పాను. మా ఇంటి భాష తెలుగు, పాపకి తమిళం రాదు, ఫారంలో అలవాటు కొద్దీ రాశాను అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆమెకి కోపం రాలేదు. సరే, ఒక గంట నువ్వు లోపలికి రా అంది.

లోపలికి వెళ్లి, "పాపా, పెద్దవి ఈడెయ్యి, చిన్నవి ఆడెయ్యి" అన్నాను. పాప తల ఎత్తింది. ఎనిమిది రోజుల తర్వాత ఆ ముఖం పూర్తిగా చూశాను. గంటలో నాలుగు తట్టలు నింపింది. ఎవరూ చెప్పకుండానే మచ్చ పడిన పుట్టగొడుగుల్ని మూడో కుప్పగా విడిగా పెట్టింది, జబ్బు పురుగుల్ని పెట్టినట్టు. డాక్టరు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి, ఇది మా కొత్త పనివాళ్లకి కూడా ఆరు నెలలు పడుతుంది అంది. తమిళం టీచరు కళ్లు తుడుచుకుంది. నేను గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు పిలిచి డాక్టరు చెప్పింది. ఈ పిల్ల తప్పకుండా నేర్చుకుంటుంది. కాని ఇక్కడ తనతో మాట్లాడగలిగేవాళ్లు ఒక్కరూ లేరు. మాట్లాడేవాళ్లు లేని చోట మూడేళ్లు ఉంచితే అది శిక్షణ కాదు, జైలు. ఒక ఏడాది ఇంట్లో తమిళం అలవాటు చెయ్యండి. చిన్న చిన్న మాటలు చాలు. స్థలం ఏడాది పాటు అట్టిపెడతాను, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వాలి. న్యాయమైన మాట. న్యాయమైన మాట మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. రాగి పిండి సంచి సగం కూడా తరక్కుండానే మాతోపాటు వెనక్కి వచ్చింది.

వచ్చిన నెలకి పంట పండింది. పట్టపగలు, షెడ్డు తలుపులు తీసి ఉన్నాయి, పాప అర పక్కన నిలబడి పండిన పురుగుల్ని ఏరుతోంది. అటు పక్క ఆయన, ఇటు పక్క నేను. ఆయన పురుగుల మీదే చూపు పెట్టి, ఏడాదిలో ఇది అరవం నేర్చుకుంటుందా అని అడిగాడు. అరవంలోనే అడిగాడు. ఇరవై ఏళ్ల అలవాటు. నేను అరవంలోనే, ఎక్కడ నేర్చుకుంటుంది, దీనికి తెలుగే నాలుగు ముక్కలు రాదు అన్నాను.

పాప చేతులు ఆగాయి. తల వంచుకునే, "నమక్కప్పురం ఇవళ యారు పాప్పా?" అంది. గొంతు పాపదే. మాట సాగదీసి చివర్లో నిట్టూర్చడం ఆయనది. పాప అంతటితో ఆగలేదు. నా గొంతులో, నేను మాట విసిరేసినట్టే, రెండో మాట కూడా అంది. "నమక్కు మున్నాడి ఇవ పోయిట్టా నల్లదు."

ఇందాక రాయలేకపోయిన జవాబు అదే. మనకంటే ముందు ఇది పోతే మంచిది. బస్సులో అన్నాను. ఆసుపత్రి వరండాల్లో అన్నాను. పొయ్యి దగ్గర పాప పక్కన కూర్చుని సంగటి తింటుంటే కూడా అన్నాను. దేవుడి ముందర ఒట్టు, పాప చావాలని నేను కోరలేదు, భయంతో అన్నాను. ఆ తేడా పాపకి ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

పాపకి అరవం రాకపోవడమేమిటి. అంతా వచ్చు. మేం ఎప్పుడూ నేర్పని భాషని తల వంచుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని మొత్తం నేర్చుకుంది. అరవం వినిపిస్తే తను అక్కడ లేనట్టు ఉండాలి, అదే మంచి పాప లక్షణం. అది మాత్రం మేమే నేర్పాం. పాలక్కోడు బళ్లో రెండేళ్లు ఆ పాఠం అప్పజెప్పింది. మలేసియాలో ఎనిమిది రోజులు అప్పజెప్పింది. ఆ టీచరు ముద్దుగా పిలిచిన ప్రతి మాటా అర్థమయ్యే కదలకుండా కూర్చుంది. నా భర్త చేతిలో పురుగులు కింద పెట్టి షెడ్డు బయటికి వెళ్లిపోయాడు. పాప మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఆ రోజు ఒక్క పురుగు కూడా తప్పిపోలేదు.

బావగారి కూతురికి చెప్పాను, మొదటి మాటే చెప్పాను, రెండోది చెప్పలేదు. "అయితే మంచిదే గదా చిన్నమ్మా, పాపకి అరవం తెలిసినట్టే గదా" అని సంతోషపడింది. ఏం మంచి? ఇప్పుడు ఆయనా నేనూ ఇంట్లో అరవం మానేశాం. మానేశాక మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పాపతో మాత్రం రోజూ అరవంలో చిన్న చిన్న మాటలు అంటున్నాను, డాక్టరు చెప్పినట్టే. మా అత్త కూడా తన పట్టుదల వదిలి, "పాపా, ఇది నీకే, నీకే చెప్పేది" అని నా పక్కన కూర్చుని పోరుతోంది. ఇరవై ఏళ్లు వద్దని నేర్పిన నోటితోనే ఇప్పుడు బతిమాలుతోంది. ఏడాదిలో ఇంకా అయిదు నెలలు ఉన్నాయి.

ఈ రోజు పొద్దున సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆకలి మీద ఉంది, చెయ్యి అప్పటికే పళ్లెంలో పెట్టింది. నేను నవ్వు ముఖం పెట్టుకుని, "సాప్పిడుమ్మా" అన్నాను, తినమ్మా అని. పాప నా వంక చూసింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, అంటుకున్న సంగటితోనే రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని తల వంచుకుంది. ఇంకోసారి అన్నాను, ఇంకా మెల్లగా. ముద్ద చల్లారిపోయింది. "తిను పాపా" అని తెలుగులో అనేదాకా పాప ముద్ద ముట్టలేదు.